నలభైకే పాసంట కదా అన్నా?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నల్లగొండలో సీఎస్‌ఈ అయిపోయింది, 8.4 సీజీపీఏ. సెప్టెంబర్‌లో ఐర్లాండ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లో ఎమ్మెస్సీ. అక్కడ నలభైకే పాసంట కదా. పార్ట్‌టైం చేసుకుంటూ గట్టెక్కొచ్చా?"

తమ్ముడూ, నలభై మాట నిజమే. ఐర్లాండ్‌లో చాలా మాడ్యూళ్ళకు, అంటే సబ్జెక్టులకు, పాస్ మార్కు 40. అయితే 70 దాటితే ఫస్ట్ క్లాస్ ఆనర్స్ అన్న సంగతి కూడా దానితోపాటే తెలుసుకోవాలి. ఎనభైలు, తొంభైలు చూసిన మన పిల్లలు మొదటి అసైన్‌మెంట్‌కు 52 రాగానే లెక్చరర్‌కు తమంటే పడదనుకుంటారు. అట్లా ఏం ఉండదు. మార్కు వేసే తీరే వేరు. మన జేఎన్‌టీయూ పేపర్‌లో ఐదు యూనిట్లు, ప్రతి యూనిట్‌లో ఇది కాకుంటే అది. ముఖ్యమైన ప్రశ్నలు పది రోజులు కూర్చుని చదివితే బయటపడతాం. ఇక్కడ ఐర్లాండ్‌లో సార్టింగ్ మీద, అంటే డేటాను వరుసలో పేర్చడం మీద, అసైన్‌మెంట్ ఇచ్చారనుకో. నీ ప్రోగ్రాం తప్పులేకుండా నడిచిందంటే సగం పనే అయినట్టు. ఆ పద్ధతినే ఎందుకు తీసుకున్నావు, డేటా పదింతలైతే సమయం ఎంత పెరిగింది, ఎక్కడ దెబ్బతింటుంది, నీ టెస్టులు ఏవి? మిగతా మార్కులన్నీ వీటికే. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పినవాడు యాభైల దగ్గరే ఆగిపోతాడు. పైగా కొన్ని కోర్సుల్లో చివరి ప్రాజెక్టుకు వెళ్ళాలంటే పాస్ మార్కు కంటే ఎక్కువ సగటు అడుగుతారు. నీ కోర్సు నిబంధనల్లో ఆ లైను ఎక్కడుందో ఇప్పుడే వెతుక్కో.

ఇక గంటల సంగతి. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వెయ్యి. ఎమ్మెస్సీ అంటే 90 క్రెడిట్లు. మామూలుగా అరవై క్లాసులకు, ముప్పై డిసర్టేషన్‌కు, అంటే ఆ చివరి ప్రాజెక్టుకు. ఒక క్రెడిట్ అంటే 20 నుంచి 25 గంటల పని. ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, అంటే 600 నుంచి 750 గంటలు. పరీక్షల వారాలు కలుపుకుని పదిహేను వారాల్లో పంచితే వారానికి 40 నుంచి 50 గంటలు చదువుకే పోతాయి. దాని మీద వారానికి 20 గంటల ఉద్యోగం. కష్టమే, అయినా చేసేవాళ్ళు చేస్తున్నారు. 2025లో కనీస వేతనం గంటకు 13.50 యూరోలు, ఇరవై గంటలకు 270. తిండికి, ఇంటి అద్దెలో కొంతకు ఆసరా అవుతుంది. ఫీజు మాత్రం దాంతో తీరదు. ఇంటి దగ్గర నాయినకు ఆ మాట ముందే స్పష్టంగా చెప్పు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా వారానికి 40 గంటలు పనిచెయ్యనిస్తారు. చాలామంది ఇక్కడి ఎండాకాలంలో సంపాదించి అప్పు కడదామనుకుంటారు. కానీ ఆ ముప్పై క్రెడిట్ల డిసర్టేషన్ రాయాల్సింది కూడా ఎండాకాలంలోనే! నలభై గంటలు గిడ్డంగిలో నిలబడి వచ్చినవాడు రాత్రికి మెషిన్ లెర్నింగ్ ప్రయోగం చెయ్యలేడు. మంచి తెలివిగల పిల్లలు ఈ నాలుగు నెలల్లోనే వెనకబడటం చూస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. వీసాకు ఏడాది ఖర్చు కింద 10,000 యూరోలు చూపించమంటారు. ఆ డబ్బు నిజంగా నీదై, నీతో వచ్చేదై ఉండాలి. వడ్డీకి తెచ్చి, అకౌంట్‌లో చూపించి, వీసా రాగానే తిరిగి ఇచ్చేద్దామని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తే వినకు. అట్లా ఖాళీ చేతులతో దిగిన పిల్లలే మొదటి నెల నుంచి క్లాసులు ఎగ్గొట్టి షిఫ్టులకు పోయేది.

ఇప్పుడు అసలు మాట. మన దగ్గర ఫైనలియర్ ప్రాజెక్టు ఎట్లా అవుతుందో మనిద్దరికీ తెలుసు. అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో పోయి పైసలు కడితే కోడ్, డాక్యుమెంట్, పీపీటీ అన్నీ చేతికిస్తారు. ల్యాబ్ రికార్డు సీనియర్‌ది ముందు పెట్టుకుని ఎక్కిస్తాం. దాన్ని తప్పని ఎవరూ అనరు, వైవాలో రెండు ప్రశ్నలడిగి పంపిస్తారు. ఇక్కడ అదే పని చేస్తే క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడాలి. రిపోర్టులు కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో పోతాయి. కోడ్ పోల్చడానికి మాస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లున్నాయి. మాస్ 1994 నుంచీ వాడుకలో ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, ఫంక్షన్లు కిందికీ మీదికీ జరిపినా పట్టేస్తుంది. ఏఐ ఎంతవరకు వాడొచ్చో ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో నిబంధన ఉంటుంది. చదివి, అనుమానముంటే లెక్చరర్‌ను అడిగి, ఆ తర్వాతే ముట్టుకో.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది దోస్తానాలో. రూమ్మేట్ రాత్రి పదకొండింటికి "రేపే డెడ్‌లైన్ రా, నీది ఒకసారి పంపు" అంటాడు. కాదంటే ఏమనుకుంటాడో అని పంపేస్తాం. ఇక్కడ తీసుకున్నవాడితోపాటు ఇచ్చినవాడిదీ తప్పే. ఫైల్ పంపకు. పక్కన కూర్చోబెట్టుకుని ఆలోచన ఎట్లా సాగిందో తెల్లకాగితం మీద చెప్పు, కోడ్ వాణ్నే రాసుకోనివ్వు. స్నేహం దాంతో చెడదు.

అర్థం కాకపోతే అడుగు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు నోరు పెగలదు, దానికి తోడు కార్క్ యాస వేగంగా ఉంటుంది. "మళ్ళీ ఒకసారి చెప్పండి" అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. లెక్చరర్లను పేరు పెట్టే పిలుస్తారు. నీకు సార్ అనే వస్తే అట్లాగే అను, కానీ ఆ సార్ దగ్గరికి వెళ్ళడం మానకు. నువ్వు డిజిటల్ లాజిక్‌లో చదివిన బూలియన్ ఆల్జీబ్రా ఉంది చూడు, ఆ జార్జ్ బూల్ ఈ కాలేజీలోనే మొదటి గణిత ప్రొఫెసర్. అప్పట్లో దీని పేరు క్వీన్స్ కాలేజ్. 1849లో ఉద్యోగంలో చేరాడు, 1864లో చనిపోయేదాకా ఇక్కడే పనిచేశాడు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు, డిగ్రీ లేదు, సొంతంగా చదువుకుని అంతవాడయ్యాడు. ఇక్కడి పెద్ద లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు. మీ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్నని రాశావు కదా, అందుకే చెప్తున్నా.

మహబూబ్‌నగర్ చెల్లె ఒకామె ఈసీఈ చేసి కంప్యూటర్ సైన్స్‌కు మారాలనుకుంటోంది. చెల్లే, ఐర్లాండ్‌లో చదువులకు లెవెళ్ళుంటాయి: హయ్యర్ డిప్లొమా అంటే లెవెల్ 8, ఎమ్మెస్సీ అంటే లెవెల్ 9. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే స్టాంప్ 1జీ లెవెల్ 8కి 12 నెలలే, లెవెల్ 9కి 24 నెలల దాకా. ఏజెంటు చేతిలో పెట్టిన ఆఫర్ లెటర్ మీద ఏ లెవెల్ అని ఉందో నీ కళ్ళతో నువ్వు చూసుకో. వేరే బ్రాంచ్ నుంచి వచ్చేవాళ్ళ కోసమే యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో కన్వర్షన్ ఎమ్మెస్సీ ఉంది, అది కూడా చూడు.

జేఎన్‌టీయూ కింది కాలేజీ అయితే ట్రాన్స్‌క్రిప్టులు, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రం, యూనివర్సిటీ నుంచే తెచ్చుకోవాలి. చివరి వారం దాకా ఆపకండి.

తమ్ముడూ, సెప్టెంబర్ లోపు ఒక్క ప్రాజెక్టు ఎవరి సాయం లేకుండా చెయ్యి. విషయం దూరం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు నీళ్ళలో ఫ్లోరైడ్ మన జిల్లాను ఎంత తిన్నదో నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే వాడుతుంది. భూగర్భ జలాల నాణ్యత లెక్కలు ప్రభుత్వమే బయటపెడుతుంది. అవి తీసుకుని శుభ్రం చెయ్యి, ఫ్లోరైడ్ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బావులు ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో మ్యాప్ మీద పెట్టు, వానాకాలం ముందు, తర్వాత తేడా ఉందేమో చూడు. పైథాన్ చాలు. ఏ రోజు రాసింది ఆ రోజు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టు, తప్పులొచ్చిన రోజులతో సహా. ఎక్కడైనా ఆగిపోతే కోడ్ మొత్తం కాకుండా ఆ పది లైన్లూ, వచ్చిన ఎర్రర్, నువ్వు ఇప్పటిదాకా ఏం ప్రయత్నించావో రాసి నాకు పంపు.