డయల్ చూసి మోసపోకు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న వాచీ ఫొటో చూశాను. 1960ల నాటిదంటున్నావు, డయల్ మాత్రం నిన్ననే అచ్చు వేసినట్టు మెరుస్తోంది. నా అనుమానం అక్కడే. భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడు. లావుగా, అలుక్కుపోయినట్టు ఉంటే మళ్లీ పెయింట్ వేయించారన్నమాట. దానికంటే మచ్చలు పడిన అసలు డయలే నయం.

వెనక మూత తీయించి చూడందే డబ్బు ఇవ్వకు. లోపల తుప్పు ఉందా, స్క్రూల తలలు చెక్కుకుపోయాయా, మెషీన్ ఆ మోడల్‌దేనా చూడు. మూత లోపల సన్నగా గీసిన అంకెలుంటే సంతోషించు. పాత రిపేరువాళ్లు తమ పని గుర్తుకు గీసుకున్నవి అవి.

‘నడుస్తోంది కదా, సర్వీసింగ్ ఎందుకు?’ అన్నావు. నడుస్తున్నందుకే! లోపలి నూనె కొన్నేళ్లకు ఎండిపోతుంది. గంటకు 18,000 సార్లు కొట్టుకునే వాచీ రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. నూనె లేకుండా అంత పని చేస్తే ఇరుసులు అరగవూ? సొరుగులో ఆగిపోయి పడున్న వాచీకి ఆ బాధ లేదు. నేనూ ఒకదాన్ని సర్వీసింగ్ లేకుండానే మూడేళ్లు పెట్టుకు తిరిగి, ఒక చక్రాన్ని పాడుచేశాను. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అదే మెషీన్ ఉన్న చెడిపోయిన వాచీ దొరికి, అందులోంచి తీసి వేయించేసరికి పదకొండు నెలలైంది. కాబట్టి ముందు మెషీన్ నంబరు కనుక్కుని, విడిభాగాలు దొరుకుతున్నాయో లేదో చూడు. అరుదైన మెషీన్ అని మురిసిపోకు, రిపేరుకొస్తే నరకం.

ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకు పరిగెడితే టెన్షన్ పడకు. స్పీకర్ పక్కన పెట్టుంటావు. అయస్కాంతం పట్టి హెయిర్‌స్ప్రింగ్ (వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి చుట్టల స్ప్రింగ్) చుట్లు అతుక్కుంటాయి. డీమాగ్నెటైజర్, అంటే ఆ అయస్కాంతాన్ని వదిలించే పరికరం, ఉన్నవాళ్లకు అది నిమిషం పని.

పాలిష్ జోలికి పోకు, అరిగిన అంచులు తిరిగి రావు. వాటర్‌ప్రూఫ్ అని చెక్కి ఉన్నా నమ్మకు, లోపలి రబ్బరు వాషర్ వయసులో నీకంటే పెద్దది కావచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ కాలం ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత రేడియం అయ్యుండొచ్చు. మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. ఆ పొడి పీలిస్తే ప్రమాదం. చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే నువ్వు ఊరుకోవని మీ అమ్మ చెప్పింది, అందుకే ఇంతగా రాస్తున్నాను.

మూత తీయించాక లోపలి ఫొటో పంపు. డయల్‌ది మళ్లీ వద్దు.

మీ మామయ్య