కుక్క చస్తే యాభై రూపాయల ఫైనేనా?

ప్రశ్న: మాది వరంగల్. మా వీధిలో మూడు కుక్కలకు ఐదేళ్లుగా మా గేటు ముందే అన్నం పెడుతున్నాం. నెలన్నర కిందట ఒకరోజు పొద్దున్నే టైగర్ అనే కుక్క నురగలు కక్కుకుని మా గడప ముందే చచ్చిపోయింది. లచ్చి అనే ఇంకో కుక్కను ఆటోలో వేసుకుని ప్రైవేటు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బతికింది. రెండిళ్ల అవతల ఉండే పెద్దాయన కోడిమాంసంలో గుళికల మందు కలిపి వేశాడని మా అనుమానం. ఆ తెల్లవారుజామున ఆయన గేటులోంచి ఎవరో వచ్చి కవరు విప్పి ఏదో పారేసినట్టు ఎదురింటి సీసీ కెమెరాలో ఉంది, ముఖం మాత్రం సరిగా తెలియడం లేదు. మిగిలిన మాంసం ముక్కను మా అబ్బాయి కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టాడు. టైగర్‌ను పక్కనున్న ఖాళీ ప్లాటులో పాతిపెట్టాం. స్టేషన్‌కు వెళ్తే "కుక్క చస్తే కేసేందమ్మా, పెట్టినా యాభై రూపాయల ఫైన్ పడతది, ఇంటికి పోండి" అన్నారు. పోయినేడాది ఆ పెద్దాయన మనవడిని వీధికుక్క కరిచిన మాట కూడా నిజమే. ఇది నిజంగా కేసు కాదా?

జవాబు: కేసే అమ్మా. స్టేషన్‌లో చెప్పిన యాభై రూపాయల మాట పూర్తి అబద్ధం కాదు, వచ్చిన చిక్కల్లా అదే. సగం నిజం ఉంది కాబట్టే విన్నవాళ్లు నమ్మి ఇంటిదారి పడుతున్నారు.

ఆ సగం సంగతి ముందు చెబుతాను. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా 1953లో పెట్టిన ప్రైవేటు బిల్లు దానికి పునాది. అందులో సెక్షన్ 11 కొట్టడం, ఆకలితో మాడ్చడం, మోయలేని బరువు వేయడం, హాని చేసే మందు పెట్టడం వంటి పనులన్నిటినీ నేరాలుగా వరసగా చెబుతుంది. మొదటిసారి చేస్తే జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలంటే చేతికి బరువు తెలిసే సొమ్ము. ఇవాళ కోర్టు బయట ఇద్దరు టిఫిన్ చేసినా యాభై దాటుతుంది. జల్లికట్టు మీద 2014లో ఇచ్చిన నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు ఈ శిక్షలు చాలవని, పార్లమెంటు సవరించాలని చెప్పింది. 2022 నవంబరులో కేంద్రం ఒక సవరణ ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. ఆ ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది.

ఇక స్టేషన్‌లో చెప్పని సగం. భారతీయ న్యాయ సంహితలో 325 అనే సెక్షన్ ఉంది. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో "విషం పెట్టడం" అన్న మాట విడిగా ఉంది, గమనించండి. అంటే చచ్చిన టైగర్ ఒక్కటే కాదు, బతికిన లచ్చి విషయంలో కూడా నేరం పూర్తయినట్టే.

2024 జులై 1కి ముందు పాత ఐపీసీలో ఇదే నేరం 428, 429 అని రెండు ముక్కలుగా ఉండేది. పది రూపాయల విలువైన జంతువుకు ఒక శిక్ష, పశువులకూ యాభై రూపాయలు పైబడిన ఇతర జంతువులకూ ఇంకో శిక్ష. 1860 నాటి ధరలవి. ఆ రోజుల్లో ఇలాంటి ఒక కేసులో మా సాక్షిని, ఊళ్లో చిన్న హోటల్ నడుపుకునే ఆయన్ని, ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కుక్కను నువ్వు ఎంతకు కొన్నావ్?" కొనలేదండీ, అదే వచ్చింది అన్నాడు మావాడు. "అంటే విలువ సున్నా." కోర్టు హాల్లో అందరూ నవ్వారు. నవ్వనివాడు ఆ హోటలాయన ఒక్కడే, మెడలోని తువ్వాలు తీసి మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు. కొత్త సెక్షన్‌లో ఆ ధర షరతు లేదు. కొత్త చట్టాల మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, ఈ ఒక్క మార్పుకు మాత్రం దండం పెడతాను.

అయినా ఎదుటివాళ్లకు ఒక దారి మిగిలే ఉంది, అది కూడా మీకు తెలియాలి. 325 అనేది ఆస్తికి నష్టం చేసే నేరాల గుంపులోది. "వీధికుక్క ఎవరి ఆస్తి? ఎవరికి నష్టం?" అని వాదిస్తారు. అందుకే మీ ఫిర్యాదులో ఐదేళ్లుగా తిండి పెడుతున్నది, టీకాలు వేయించి ఉంటే ఆ చీటీలు, డాక్టరుకు కట్టిన బిల్లులు అన్నీ రాయండి. దాంతోపాటు 1960 చట్టంలోని సెక్షన్ 11(1)(ఎల్) కూడా తప్పకుండా చేర్చమనండి. అనవసరమైన క్రూర పద్ధతిలో జంతువును చంపడం అక్కడ నేరం, "వీధికుక్కలతో సహా" అని చట్టమే బ్రాకెట్లో రాసుకుంది. అక్కడ యజమాని ఎవరన్న ప్రశ్నే పుట్టదు. పైగా సెక్షన్ 11లోని చాలా క్లాజులకు మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు గానీ, ఈ (ఎల్) క్లాజు అలా కాదు, సెక్షన్ 31 దాన్ని నేరుగా కేసు కట్టాల్సిన నేరంగా చెప్పింది. 325 కూడా అంతే. కాబట్టి "మా చేతుల్లో లేదు" అన్న మాట ఇక్కడ చెల్లదు.

పోలీసులు తలుచుకుంటే ఇలాంటి కేసులు కదులుతాయి కూడా. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కారులో వచ్చి ఇరవై కుక్కలను కాల్చి చంపారు. మొహాలకు ముసుగులు. అయినా పోలీసులు పట్టుకున్నారు. తమవాళ్ల పెంపుడు కుక్కను ఊరకుక్కలు చంపాయన్న కోపంతో చేశారని అప్పుడు పోలీసులే చెప్పారు. మీ కేసులో మనిషి రెండిళ్ల అవతలే ఉన్నాడంటున్నారు.

కానీ ఆయనే చేశాడని ఫిర్యాదులో రాయొద్దు. "ఫలానా ఇంటి గేటులోంచి ఒక వ్యక్తి వచ్చి పారేసినట్టు ఫుటేజీలో ఉంది, మాకు ఫలానా వారి మీద అనుమానం" అని రాయండి. తేల్చాల్సింది దర్యాప్తు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి హంతకుడని రాసే పని అసలే వద్దు. పరువునష్టం కేసు తిరిగి మీ మీదికి వస్తుంది, అప్పుడు టైగర్ గొడవ పక్కకుపోయి మీ గొడవ మొదలవుతుంది.

సాక్ష్యంలో నన్ను అన్నిటికంటే భయపెడుతున్నది ఆ సీసీ కెమెరా. చాలా డబ్బాల్లో రెండు మూడు వారాలకో నెలకో పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. మీరు చూసినది ఫోన్లో తీసుకున్న కాపీనా, అసలు ఫైలా? ఎదురింటివాళ్లు అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచితే మంచిది. వాట్సాప్‌లో పంపిస్తే నాణ్యత పోతుంది, అసలే ముఖం మసకగా ఉందంటున్నారు. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం కెమెరా ఇంటివాళ్లు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కాబట్టి ఎదురింటివాళ్లు మనకెందుకొచ్చిన టెన్షన్ అని వెనక్కి తగ్గకముందే వాళ్లతో మాట్లాడుకోండి.

శవపరీక్ష ఆ రోజే జరిగి ఉండాల్సింది. కుక్కకైనా విషమని కోర్టులో రుజువు చేయాలంటే పోస్టుమార్టం, లోపలి అవయవాల నమూనాలు, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు కావాలి. నెలన్నర తర్వాత కూడా తవ్వి తీయమని పోలీసులను అడగొచ్చు, ప్రభుత్వ పశువైద్యుడు పరీక్ష చేస్తారు. ఏమైనా దొరకొచ్చు, దొరకకపోవచ్చు. అయితే మీకు లచ్చి ఉంది. ఆ రోజు డాక్టరు రాసిన చీటీ మీద ఏ లక్షణాలు చూసి ఏ ఇంజెక్షన్ ఇచ్చారో ఉంటుంది. విషానికి విరుగుడు ఇచ్చినట్టు ఉంటే అంతకంటే గట్టి కాగితం మీ దగ్గర ఇంకోటి లేదు. ఆ డాక్టరు మీకు మొదటి సాక్షి. చీటీ పోయి ఉంటే కేస్ షీటు కాపీ అడిగి తీసుకోండి.

గడువు సంగతి చాలామంది వకీళ్లే మర్చిపోతారు. 1960 చట్టం కింద ప్రాసిక్యూషన్, అంటే కోర్టులో కేసు, నేరం జరిగిన మూడు నెలల్లోపు మొదలవ్వాలని సెక్షన్ 36 చెబుతుంది. మీకు నెలన్నర గడిచింది, ఇంకో నెలన్నరే ఉంది. ఎఫ్ఐఆర్ వేయించి ఊరుకుంటే పోలీసులు నాలుగో నెలలో చార్జిషీటు వేస్తారు, అప్పుడు ఎదుటి వకీలు మొదటి వాయిదాలోనే గడువు దాటిందంటాడు. 325కు ఆ బెడద లేదు, ఐదేళ్ల శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి ఉండదు. రెండూ నిలవాలంటే ఇప్పుడే కదలాలి.

స్టేషన్‌లో మళ్లీ రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు రసీదు అడగండి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకు డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టంలో ఉంది. "విచారిస్తున్నాం" అని చెబితే ఆ పద్నాలుగు రోజులూ లెక్కపెట్టుకోండి. అసలే తీసుకోకపోతే పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. అదీ పనిచేయకపోతే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 175(3) కింద అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. కమిషనర్‌కు పంపిన కాగితం లేకుండా ఆ తలుపు తెరుచుకోదు, అందుకే రసీదు అన్నాను. గడువు దగ్గరపడితే మాత్రం వీళ్లందరి కోసం చూడకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేయించండి.

ఆయన జైలుకు పోతాడా అని మీరు అడగలేదు, మీ ఉత్తరంలో మాత్రం ఆ మాట కనబడుతోంది. ఇది బెయిలబుల్ నేరం, స్టేషన్‌లోనే బెయిలు ఇస్తారు. నేరం రుజువైనా మొదటిసారి, వయసు మళ్లిన మనిషి అంటే కోర్టు జరిమానాతో వదిలే అవకాశమే ఎక్కువ. ఐదేళ్లు అన్నది గరిష్ఠం. అయితే స్టేషన్ మెట్లు, నోటీసు, వాయిదాలు, ఇవన్నీ రెండో పొట్లం కట్టబోయే చేతిని ఆపుతాయని నా అనుభవం.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మనవడిని కరిచిన రోజు ఆ పెద్దాయన ఎవరితో చెప్పుకున్నాడు? 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాక పిల్లలున్న ఏ ఇంట్లోనూ ఆ భయాన్ని తీసిపారేయడానికి లేదు. మీద పడుతున్న కుక్కను కర్రతో కొట్టి తప్పించుకుంటే ఎవరూ కేసు పెట్టరు, పెట్టినా నిలవదు. విషం పెట్టడం వేరు. కుక్క ప్రమాదకరంగా ఉంటే మున్సిపాలిటీకి చెప్పాలి, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టుకుని ఆపరేషన్, టీకాలు చేయాల్సింది వాళ్లు. అదే నిబంధనలు తిండి పెట్టేవాళ్లకూ హద్దు గీశాయి. మెట్ల దగ్గర, గేట్ల దగ్గర, పిల్లలు ఆడుకునే చోట పెట్టకూడదు. ఢిల్లీ కుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తిండికి వార్డుల వారీగా చోట్లు చూపించమని మున్సిపాలిటీలకు చెప్పి, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టడం కుదరదంది. మీరు గేటు ముందే పెడుతున్నానని రాశారు. క్రాస్‌లో ఇది తప్పకుండా వస్తుంది. విషం పెట్టినవాడికి అది రక్షణ కాదు, కానీ మీ నోటి నుంచి తడబాటు రాకూడదు. ఈ వారమే మున్సిపాలిటీకి ఒక అర్జీ ఇచ్చి చోటు చూపించమని అడగండి, మిగిలిన రెండు కుక్కలకు ఆపరేషన్, టీకాలు చేయించమని అందులోనే రాయండి.

చివరగా ఆ డీప్ ఫ్రిజ్‌లోని పొట్లం. మీ అబ్బాయి మంచి పని చేశాడు, కానీ ఇక దాన్ని విప్పొద్దు, ఎవరికీ చూపించొద్దు, వేరే కవర్లోకి మార్చొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ తీశాడో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించండి. పోలీసులు ఇంటికొచ్చి పంచుల (సాక్షుల) ముందు పంచనామా రాసి, సీలు వేసి తీసుకెళ్లాలి. మీరే సంచిలో వేసుకుని స్టేషన్‌కు పట్టుకెళ్తే మధ్యలో ఏం కలిపారని అడుగుతారు. అప్పటిదాకా గుళికల మందు ఉందన్న అనుమానం ఉన్న ముక్కది, తినే వస్తువుల పక్కన ఉంచకుండా విడిగా డబ్బాలో పెట్టి మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. కరెంటు పోతే ఐసు తెప్పించి డబ్బా చుట్టూ పెట్టండి.