అందరి దగ్గరా జీపీఎస్ వాచీలు ఉన్నప్పుడు ట్రయిల్ రేస్‌లో రిబ్బన్లు, బాణాలు అవసరమా?

మీరు 50 కిలోమీటర్ల అడవి బాట పరుగు నిర్వహిస్తున్నారు, వాచీలో దారిని గీతగా చూపించే రూట్ ఫైల్ అందరికీ ముందే పంపుతారు, వాలంటీర్లు తక్కువ. కాబట్టి గుర్తులు కట్టే పని మానేయొచ్చా అని అడిగారు. దయచేసి మానేయకండి. వేరే పనులు తగ్గించుకునైనా మనుషుల్ని దీనిమీద పెట్టండి.

ఇలాంటి రేసుల్లో పరిగెత్తాను, గుర్తులు కట్టాను, చివరి రన్నర్ వెనకాలే నడుస్తూ వాటిని విప్పాను కూడా. గంటల తరబడి పరిగెత్తి, చెమట కళ్లలో పడుతుంటే వాచీలోని సన్నగీత ఎటు తిరిగిందో అర్థం కాదు. గుబురు చెట్ల కింద జీపీఎస్ కొన్ని మీటర్లు పక్కకు చూపిస్తుంది. పక్కపక్కనే రెండు బాటలుంటే ఏది మనదో చెప్పలేదు. పైగా అలసిన మనిషి ఆలోచించడు, ముందువాడి కాళ్లు చూసుకుంటూ పోతాడు. ఇంగ్లండ్‌లో 2013లో జరిగిన మారథాన్ ఆఫ్ ది నార్త్‌లో రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు దారి తప్పితే వెనక వేలమంది వాళ్ల వెంటే వెళ్లి 264 మీటర్లు తక్కువ పరిగెత్తారు. అది పట్టపగలు, తారు రోడ్డు మీద.

నేను పాల్గొన్న ఒక రాత్రి పరుగులో బాట చీలే చోట బాణం ఉంది కానీ, రెండు దారుల మధ్య చెట్టుకి మొన పైకి ఉండేలా కట్టారు. హెడ్‌ల్యాంపులు దానిమీదకు వేసి అందరం వాదించుకున్నాం. నేరుగా వెళ్లమనా, కుడికా? కుడికి వెళ్లినవాళ్లు చాలాసేపటికి తిరిగొచ్చారు, సీసాల్లో చుక్క నీళ్లు లేవు. వాళ్లలో ఒకామెను దారిలో నీళ్లు, తిండి ఇచ్చే తర్వాతి స్టేషన్లో కటాఫ్, అంటే అక్కడికి చేరాల్సిన గడువు, దాటిపోయిందని ఆపేశారు. నెలల సాధన, కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. ఆమె ఏడుస్తుంటే ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు. ఇది రన్నర్ తప్పు కానే కాదు.

మలుపుకి ముందు ఒక గుర్తు, మలుపులో ఒకటి, తిరిగాక కనబడేంత దూరంలో ఇంకొకటి పెట్టండి. చాలామంది వదిలేసేది ఈ మూడోదే, ధైర్యం చెప్పేదీ అదే. తప్పు దారికి అడ్డంగా సున్నంతో గీత గీయండి, వానొస్తే పోతుంది కాబట్టి రిబ్బన్ కూడా కట్టండి. చీలికలు లేని చోట్ల కూడా మధ్యమధ్యలో కట్టి, ఎంత దూరానికొకటి ఉంటుందో స్టార్ట్‌లోనే చెప్పండి. అంత దూరం వెళ్లినా కనబడకపోతే వెనక్కి రావాలని వాళ్లకు తెలుస్తుంది. చీకట్లో పరుగైతే వెలుగు పడగానే మెరిసే టేపు తప్పనిసరి.

కట్టినవాళ్లే సరిచూసుకుంటే లాభం లేదు, దారి తెలిసిన కంటికి లోపం కనబడదు. ఆ దారి ఎప్పుడూ చూడని ఒకరిని వాచీ లేకుండా పంపండి. వాళ్లు ఎక్కడ ఆగి అటూ ఇటూ చూస్తే అక్కడ ఇంకో గుర్తు కావాలి. రేస్ రోజు తెల్లవారుజామున మళ్లీ ఒకసారి తిరగాలి. రాత్రికి రాత్రి పశువులు రిబ్బన్లు నమిలేస్తాయి, దారినపోయేవాళ్లు పీకేస్తారు. ఉన్న కొద్దిమంది వాలంటీర్లలో ఒకరిని మాత్రం అన్నిటికన్నా గందరగోళంగా ఉన్న చీలిక దగ్గర చివరి రన్నర్ దాటేదాకా నిలబెట్టండి.