నా జోకుకు అమ్మ ఏడుస్తోంది

ప్రశ్న: నా వయసు 31. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మూడేళ్ల కిందట బైపోలార్ (మితిమీరిన హుషారు అంటే ఉన్మాదం, తీవ్రమైన కుంగుబాటు మారి మారి వచ్చే మానసిక జబ్బు) అని తేలింది. ఒకసారి ఆసుపత్రిలో కూడా చేరాను. ఇప్పుడు దానికి లిథియం అనే మందు వాడుతూ బాగానే ఉన్నాను. “నాకూ ఫోనుకూ ఒకటే మందు, రాత్రి ఛార్జింగ్ పెడితేనే పొద్దున పనిచేస్తం” అని చెల్లితో అంటే ఇద్దరం పడి పడి నవ్వుతాం. అమ్మ మాత్రం ఏడుస్తుంది. ఈ మాట అక్క భర్త చెవిన పడింది. మొన్న ఒక ఫంక్షన్‌లో అందరి ముందూ “ఏం మరదలా, ఛార్జింగ్ ఫుల్లేనా?” అన్నాడు. తలెత్తుకోలేకపోయాను. మే నెలలో తమ్ముడి పెళ్లి. నా జబ్బు మీద నేను నవ్వుకోవడం తప్పా? చెల్లి తప్ప చెప్పుకునేవాళ్లు ఎవరూ లేరు.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: తప్పేం కాదు. చదివి నేనూ నవ్వాను. ఫోన్ బ్యాటరీలోనూ మీ బిళ్లలోనూ ఉన్నది లిథియమే కాబట్టి సైన్సు టీచర్లు కూడా అభ్యంతరం చెప్పలేరు.

అదే మాట బావ నోట వచ్చేసరికి మీకు ఎందుకు గుచ్చుకుందో చూడండి. చెల్లి మీతో ఆసుపత్రి మెట్లెక్కింది, మందులు తెచ్చింది. ఆ నవ్వులో ఆమెకూ వాటా ఉంది. బావ పెట్టింది ఏమీ లేదు. మరదలిని ఆట పట్టించడం మన దగ్గర మామూలే, కానీ షుగరున్న మామగారిని నలుగురిలో “ఇన్సులిన్ ఎక్కించుకున్నవా?” అని ఆయన అడగగలడా? ఈసారి అంటే గొడవ పెట్టుకోకండి. నవ్వుతూనే “బావా, అది నా జోకు, నేనంటేనే బాగుంటది” అనండి. అయినా మానకపోతే పెళ్లికి ముందే అక్కతో చెప్పించండి. ఇంటల్లుడు కదా అని అందరూ ఊరుకుంటే ఆయనకు అందులో తప్పు ఎప్పటికీ కనిపించదు.

అమ్మ సంగతి వేరు. ఉన్మాదంలో ఉన్న ఆ రోజుల్లో కొంత మీకు గుర్తుండకపోవచ్చు. ఆమెకు అంతా గుర్తుంటుంది. మీరు జోకేసినప్పుడల్లా ఆమెకు ఆ రాత్రులే కళ్లముందు తిరుగుతాయి. ఆమెను నవ్వించాలని చూడకండి. ఈసారి చెకప్‌కి వెంట తీసుకెళ్లి, డాక్టర్‌ని తనే అడగనివ్వండి. “నా పెంపకంలో ఏమన్న తక్కువైందా?” “ఎవరన్న ఏమన్న చేసిన్రా?” లాంటి ప్రశ్నలు మనసులో పెట్టుకుని కుమిలే తల్లులను చాలామందిని చూశాను. జన్యువులు, మెదడు పనితీరు, జీవితంలో వచ్చే ఒత్తిళ్లు కలిసి ఈ జబ్బు తెస్తాయనీ, అది తన తప్పు కాదనీ డాక్టర్ నోటితో వింటే ఆమె భారం కొంత దిగుతుంది.

నాకు టెన్షన్ ఉన్నది ఇంకో చోట. మీ జబ్బులో హాస్యమే ఒక్కోసారి లక్షణం కూడా. జోకులు ఆగకుండా వస్తున్నా, మాట వేగం పెరిగినా, మూడు గంటలే పడుకుని అలసటే లేదనిపించినా, అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో చీరల మీద చీరలు ఆర్డర్ పెడుతున్నా అది హుషారు కాదు, డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన సమయం. ఆ స్థితిలో మీకది జబ్బులా అనిపించదు. అందుకే ఇప్పుడే చెల్లితో ఒక ఒప్పందం చేసుకోండి: “అక్కా, ఛార్జర్ యాడుంది?” అని ఆమె అడిగితే వాదించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దానికి ఎదురు, అంటే కుంగుబాటు కూడా ఉంది. “నేను లేకుంటే మీకు పీడ పోతది” అన్నది నవ్వుతూ అన్నా జోకు కాదు. ఆ ఆలోచన వచ్చిన రోజే చెల్లికి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెళ్లి ఎండాకాలంలో. మన వరంగల్ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది కాబట్టి నీళ్ల బాటిల్ చేతిలోనే ఉండాలి. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వేసుకోకండి, అవీ లిథియాన్ని పెంచుతాయి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం కనిపిస్తే లిథియం మోతాదు మించి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బరాత్‌లో డ్యాన్స్ చేయండి, ఎవరు కాదన్నారు? కానీ డీజే ఆగేదాకా కాకుండా మీ నిద్రవేళకు మీ గదికి వెళ్లిపోండి. నిద్ర తెగడం ఒక్కటే చాలు, ఉన్మాదం తిరిగి రావడానికి. పెళ్లికి ముందు లిథియం లెవెల్ ఒకసారి చూపించుకోండి. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి.

చెల్లి ఒక్కతే అన్నారు. ఆమెకూ అలసట ఉంటుంది, రేపు ఆమెకూ పెళ్లవుతుంది. స్కూల్లో అందరికీ చెప్పక్కర్లేదు, నమ్మకమున్న ఒక్క టీచర్‌కు చెబితే చాలు. ఓపీ బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లను పలకరించండి. మందుతో ఒళ్లు పెరగడం, చేతులు వణకడం గురించి వాళ్లు వేసే జోకులు మీకు వెంటనే అర్థమవుతాయి, మీవి వాళ్లకూ అర్థమవుతాయి.

ఇంకొకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ముదిరి మీరు నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో మీ తరఫున ఎవరు అండగా ఉండాలో మీరే ముందుగా ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. అది చెల్లి పేరా, అమ్మ పేరా అన్నది మీ ఇష్టం. పెళ్లి పనుల హడావిడి మొదలుకాకముందే రాసి, ఒక కాపీ డాక్టర్‌కు ఇవ్వండి.