కీమో మధ్యలో జ్వరం వచ్చి ఆగిపోయింది.. మందు పనిచేయనట్టేనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నా భార్యకు 46 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక తిరుపతిలో మూడు వారాలకోసారి కీమో ఇప్పిస్తున్నాం. మూడో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూశాం. పొద్దునకి చలి, వణుకు. తెల్లకణాలు బాగా పడిపోయాయని వారం దాకా ఆసుపత్రిలో ఉంచారు. నాలుగో కీమో వాయిదా వేశారు. నోటి నిండా పుండ్లు. 'ఇంక నాకొద్దు, నన్నిట్లా వదిలేయండి' అంటోంది. బంధువులు నాటు మందు ఇప్పించమంటున్నారు. కీమో పనిచేయడం లేదా? ఆమెకు ధైర్యం ఎలా చెప్పాలి? నాకూ నిద్ర పట్టడం లేదు. అంగడి సరిగా తీయడం లేదు. నా బీపీ మాత్రలు కూడా మరిచిపోతున్నా.
- ఒక పాఠకుడు

జవాబు: ఈ జ్వరానికీ, కీమో పనిచేయకపోవడానికీ సంబంధం లేదు. కీమో మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సర్ కణాలే కాదు, ఎముక మజ్జలో తయారయ్యే తెల్లకణాలు, నోటి లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లు కూడా వేగంగా పెరిగేవే. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తగ్గడం వల్లే జ్వరం, మిగతావి దెబ్బతినడం వల్లే నోటి పుండ్లు, జుట్టు రాలడం. కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. మీ ఆవిడకు తొమ్మిదో రోజున జ్వరం రావడం సరిగ్గా ఈ లెక్కలోనిదే. ఇంకో మాట కూడా వింటుంటాం, 'ఎంత ఇబ్బంది పెడితే అంత బాగా పనిచేస్తున్నట్టు' అని. అదీ నిజం కాదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో కంటికి కనపడని కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి. అది పనిచేస్తోందో లేదో ఇంట్లో కూర్చుని జ్వరాన్ని బట్టి, పుండ్లను బట్టి చెప్పలేం.

వాయిదా గురించి కూడా దిగులు వద్దు. తెల్లకణాలు కోలుకుని, ప్లేట్‌లెట్లు సాధారణంగా లక్ష దాటితేనే తర్వాతి కీమో ఇస్తాం. కౌంట్ పెరగకముందే ఇస్తే ఈసారి జ్వరం మరింత ప్రమాదకరంగా రావచ్చు. తర్వాతి కీమోకు ఇదే మళ్లీ జరగకుండా, కీమో అయిన 24 గంటల తర్వాత తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. అది మీ ఆవిడకు రాశారో లేదో ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా అడగండి. ఆ ఇంజెక్షన్‌తో నడుము, ఎముకలు నొప్పిగా ఉంటాయి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ వేసుకునే ముందు ప్రతిసారీ జ్వరం చూడాలి.

ఎందుకంటే కీమో నడుస్తున్నంత కాలం మీ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు థర్మామీటర్. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చిందంటే అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిన జ్వరమే. పారాసిటమాల్ వేస్తే కాక తగ్గుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ తగ్గదు. తెల్లకణాలు లేనప్పుడు ఆ ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లోనే రక్తంలోకి పాకి బీపీ పడిపోవచ్చు. ఆ రాత్రి మీరు చేసింది చాలా ఇళ్లలో జరిగేదే, దానికి కుమిలిపోకండి. చంకలో పెడితే థర్మామీటర్ కొంచెం తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి. జ్వరం లేకపోయినా ఒళ్లు వణుకుతుంటే, ఆయాసం వస్తుంటే, మనిషి మగతగా ఉంటే ఆగకండి.

ఇక్కడ దూరం ఉన్నవాళ్లకు ఒక మాట. తిరుపతిలోనే చూపించుకోవాలని జ్వరంతో ఉన్న మనిషిని కారులో గంటల తరబడి తీసుకెళ్లకండి. ఆసుపత్రి చేరిన గంటలోపే మొదటి యాంటీబయాటిక్ సెలైన్‌లో వెళ్లాలనేది మేం పెట్టుకునే లక్ష్యం. అది ప్రొద్దుటూరులోనో కడపలోనో మొదలుపెట్టి, ఆ తర్వాత అవసరమైతే 108లో తరలించవచ్చు. అందుకు రాత్రిపూట కూడా డాక్టరు, రక్తపరీక్ష ఉండే ఆసుపత్రి మీ దగ్గరలో ఏదో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. ఒక కాగితం మీద కీమో మందుల పేర్లు, చివరి కీమో తేదీ, మీ క్యాన్సర్ డాక్టరు ఫోన్ నంబరు, పడని మందులు రాసి ఆవిడ ఫైలు పైనే ఉంచండి. క్యాజువాలిటీలోకి వెళ్లగానే మొదటి మాట 'జ్వరం' అని కాదు, 'కీమోలో ఉన్న మనిషికి జ్వరం' అనాలి. లేకపోతే వైరల్ జ్వరాల వరసలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

నోటి పుండ్లకు: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను తినే సోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించి ఊసేయమనండి. మెత్తటి బ్రష్ వాడాలి. నాలుక మీద తెల్లటి పొర కడితే ఫంగస్ కావచ్చు, దానికి మందు ఉంది. మన సీమలో కారం లేనిదే ముద్ద దిగదు గానీ, ఈ నాలుగు రోజులూ ఊరిమిండి, ఊరగాయ పక్కన పెట్టి పల్చటి సంగటిలో కారం వేయని పప్పు, నెయ్యి కలిపి ఇవ్వండి. అప్పుడే వండినవి, బాగా ఉడికిన గుడ్డు, ఇంట్లో చిలికిన మజ్జిగ అన్నీ మంచివే. బజారులో కోసి పెట్టిన పండ్లు వద్దు. అన్నీ మాన్పించి జావ మీదే ఉంచడం మాత్రం తప్పు. ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది. పుండ్ల వల్ల నీళ్లు కూడా మింగలేకపోతుంటే అదీ ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితే.

ఇక ధైర్యం చెప్పడం. నన్నడిగితే, కొన్నాళ్లు ధైర్యం చెప్పడం మానేయండి. 'ఏం కాదులే', 'నువ్వు గట్టిదానివి' అన్నప్పుడల్లా ఆమె తన బాధ చెప్పుకునే దారి మూసుకుపోతుంది. 'ఇంక నాకొద్దు' అన్నప్పుడు పక్కన కూర్చుని, ఏది వద్దనిపిస్తోందో అడగండి. వాంతులా? సూది కోసం నరం దొరక్క పొడిచి పొడిచి పెట్టడమా? మళ్లీ ఆసుపత్రిలో పడతానన్న భయమా? తన కోసం ఇంటిల్లిపాదీ అప్పులపాలవుతున్నామన్న దిగులా? మన ఆడవాళ్లలో ఈ ఆఖరిది చాలామందికి ఉంటుంది, పైకి అనరు. వాంతులకు మందు మార్చవచ్చు, నరాలు దొరక్కపోతే ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ (మందు ఎక్కించే చిన్న పరికరం) పెట్టవచ్చు. డబ్బు సంగతైతే, అర్హత ఉంటే కీమో ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీ) పథకంలో వస్తుంది. మధ్యలో ఇలా జ్వరంతో చేరితే ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో ముందే అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.

రిపోర్టులు ఆమెకు చూపించకుండా దాచడం కూడా వద్దు. మీ ముఖం చూసి ఆమె అసలుకంటే పెద్దదే ఊహించుకుంటుంది. వచ్చే విజిట్‌లో ఇద్దరూ లోపలికి వెళ్లండి. మిగిలిన కీమోలు తీసుకుంటే ఎంత లాభం, ఇక్కడే ఆపేస్తే ఎంత నష్టం, డోసు తగ్గించే వీలుందా అని ఆమె ముందే అడగండి. అన్నీ విన్నాక నిర్ణయం ఆమెది. నా అనుభవంలో, తన మాట విన్నారని అనిపించాక చాలామంది మళ్లీ చికిత్సకు ఒప్పుకుంటారు.

నాటు మందు జోలికి ఇప్పుడు వెళ్లకండి. ఆకు పసర్లు, భస్మాల్లో ఏముందో తెలియదు. కొన్నిటితో లివర్ దెబ్బతింటుంది. లివర్ దెబ్బతింటే కీమో నిజంగానే ఆపాల్సి వస్తుంది. ఇప్పటికే ఏదైనా ఇచ్చి ఉంటే తిడతారని దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి. బంధువుల ఫోన్లకు జవాబు చెప్పే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. చూడ్డానికి వస్తామనేవాళ్లలో జలుబు, దగ్గు ఉన్నవాళ్లను మొహమాటం లేకుండా తర్వాత రమ్మనండి.

మీ బీపీ మాత్ర ఈరోజే మళ్లీ మొదలుపెట్టి, ఈ వారంలో ఒకసారి బీపీ చూపించుకోండి. రాత్రి కాపలా అంతా మీరొక్కరే కాయకండి. పిల్లలో, వదినో, మరదలో వారంలో రెండు రాత్రులు ఉంటే మీరు వేరే గదిలో పడుకోండి. అంగడి ఒక పూటైనా తీయండి, మనసుకు కాస్త తెరిపిగా ఉంటుంది. అయినా నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తుంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

- మెడికల్ ఆంకాలజిస్ట్, కర్నూలు