అమ్మకు హిమోగ్లోబిన్ 5.8.. నా రక్తమే ఎక్కించమని అడగవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 47 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా నెలసరిలో రక్తస్రావం బాగా ఎక్కువగా అవుతోంది. ఈమధ్య నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం, గుండెదడ. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5.8 ఉంది. వెంటనే ఆసుపత్రిలో చేర్పించి రెండు యూనిట్ల రక్తం ఎక్కించాలని డాక్టర్ చెప్పారు. బీట్‌రూట్, ఖర్జూరం పెడితే రక్తం అదే పడుతుందని, ఎవరిదో రక్తం ఎక్కిస్తే లేనిపోని జబ్బులు వస్తాయని బంధువులు భయపెడుతున్నారు. నాదీ అమ్మదీ ఒకటే గ్రూపు, బి పాజిటివ్. నా రక్తమే ఎక్కించమని అడగవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, నల్గొండ

డాక్టర్ సలహా: ముందు అమ్మను ఆసుపత్రిలో చేర్పించండి. మిగతాది అక్కడ కూర్చుని చదువుకోవచ్చు.

ఆడవారికి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. అమ్మకు అందులో సగమే ఉంది. ఒంట్లో ప్రతి భాగానికీ ఆక్సిజన్ మోసుకెళ్లేది హిమోగ్లోబినే. అది తగ్గినప్పుడు ఉన్న కొద్దిపాటి రక్తాన్నే గుండె వేగంగా తిప్పాల్సి వస్తుంది. అమ్మకు దడ, ఆయాసం అందుకే. ఇలా ఎక్కువ రోజులు సాగితే గుండె అలసిపోతుంది. నిలకడగా ఉన్నవారిలో హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే సాధారణంగా రక్తం ఎక్కించడం గురించి ఆలోచిస్తాం. అమ్మకు అంతకన్నా తక్కువ ఉంది, పైగా లక్షణాలూ ఉన్నాయి. మీ డాక్టర్ చెప్పింది సరైన మాటే.

బీట్‌రూట్ ఎర్రగా ఉండేది దాని రంగు వల్ల. అందులో ఐరన్ కొంచెమే. ఐరన్ మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ నెలకు ఒకటి రెండు గ్రాములే పెరుగుతుంది. అమ్మకు అంత వ్యవధి లేదు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతున్నారు. ఆ ఖర్జూరం ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టండి.

ఇక మీ రక్తం సంగతి. అమ్మకు నేనే ఇవ్వాలన్న మీ మనసు నాకు అర్థమైంది. కానీ మీ రక్తం అమ్మకు వద్దు. కన్నబిడ్డలు, తోబుట్టువుల రక్తం శ్రేష్ఠమని చాలామంది అనుకుంటారు, నిజానికి ఇబ్బంది అక్కడే ఉంది. దగ్గరి పోలిక ఉండటంతో మీ రక్తంలోని తెల్లకణాలను అమ్మ శరీరం పరాయివని గుర్తుపట్టలేకపోవచ్చు. ఆ కణాలు మాత్రం అమ్మ శరీరాన్ని పరాయిదిగానే చూసి దాడి చేస్తాయి. చాలా అరుదుగా జరుగుతుంది, జరిగితే మాత్రం ప్రాణం దక్కడం కష్టం. తప్పనిసరై రక్తసంబంధీకుల రక్తమే వాడాల్సి వస్తే, ముందు దానికి రేడియేషన్ ఇచ్చి ఆ తెల్లకణాలను పనిచేయకుండా చేస్తారు. బి పాజిటివ్ మన దగ్గర తేలిగ్గా దొరికే గ్రూపే, కాబట్టి ఆ అవసరం రాదు.

గ్రూపు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు కూడా. సుమారు 200 ఏళ్ల కిందట లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే వైద్యుడు, ప్రసవమయ్యాక రక్తస్రావంతో చనిపోతున్న తల్లులను కాపాడాలని మనిషి రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. కొందరు బతికారు, కొందరు చనిపోయారు. అలా ఎందుకో 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపులు కనిపెట్టాక గానీ అర్థం కాలేదు. ఇప్పుడు గ్రూపు చూడటంతో పాటు, దాత రక్తం అమ్మ రక్తంతో కలుస్తుందా లేదా అని క్రాస్ మ్యాచింగ్ కూడా చేస్తారు. ప్రతి బ్యాగునూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే ఇవ్వాలన్నది మన దేశంలో నిబంధన. ప్రమాదం పూర్తిగా సున్నా అని నేను చెప్పను. కానీ 5.8తో ఇంట్లో కూర్చోబెట్టడంతో పోలిస్తే అది ఎంతో చిన్నది. అన్నట్టు, వేరేవాళ్ల రక్తం ఎక్కితే గుణాలు మారిపోతాయన్న మాట కూడా ఎవరైనా అనవచ్చు. దాంట్లో నిజం లేదు.

అమ్మకు ఎక్కించేది దాత ఇచ్చిన రక్తం మొత్తం కాదు, అందులోంచి వేరుచేసిన ఎర్రకణాలు మాత్రమే. మిగిలిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వాటి అవసరం ఉన్న ఇతర రోగులకు వెళ్తాయి. ఒక్కో బ్యాగుతో హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. అంటే రెండు బ్యాగులతో 8 దగ్గరికి వస్తుంది. 'ఇంకో రెండు ఎక్కించి 12 చేసేయండి' అని దయచేసి పట్టుబట్టకండి. గండం గట్టెక్కించడం వరకే రక్తం పని, మిగతాది ఐరన్ మాత్రలో ఇంజెక్షన్లో చూసుకుంటాయి. పైగా ఎన్నో నెలలుగా రక్తహీనత ఉన్నవారికి గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే నెమ్మదిగా, ఒక్కో బ్యాగూ మూడు నాలుగు గంటలు ఎక్కిస్తారు. నాలుగు గంటలు దాటకూడదు.

గ్రూపు తేడాతో జరిగే పెద్ద ప్రమాదాలకు ఎక్కువగా కారణం ఒకరి బ్యాగు ఇంకొకరికి పెట్టడమే. నర్సు వచ్చి అమ్మ పేరు మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. బ్యాగు మీద పేరు, గ్రూపు మీరూ చూడండి. మొదటి 15 నిమిషాలు అమ్మ పక్కనే ఉండండి. చలి, వణుకు, జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, నడుం నొప్పి, ఆయాసం ఎక్కువవడం, మూత్రం ఎర్రగా రావడం.. వీటిలో ఏది కనిపించినా, ఎప్పుడు కనిపించినా, వెంటనే నర్సును పిలిచి ఆపించండి.

రక్తం ఎక్కగానే అమ్మ ముఖంలో కళ వస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు, రెండు నెలలకు మళ్లీ అదే హిమోగ్లోబిన్‌తో వస్తారు. రక్తస్రావం ఎందుకవుతోందో తేలాలి కదా! గైనకాలజిస్టు దగ్గర గర్భాశయానికి స్కాన్, థైరాయిడ్ పరీక్ష చేయించండి. 45 దాటారు కాబట్టి గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమంటారు, భయపడి వాయిదా వేయకండి. ఐరన్ మాత్రలు హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడాలి. టీ, కాఫీలతో మాత్రం వేసుకోకూడదు. మాత్రల వల్ల మలం నల్లగా వస్తే కంగారు పడనక్కర్లేదు.

మీకు ఇవ్వాలని అంతగా ఉంటే బ్లడ్ బ్యాంకులో ఇవ్వండి, అది ఇంకో ఇంటి అమ్మకు వెళ్తుంది. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. ఇచ్చేముందు మీ హిమోగ్లోబిన్ కూడా చూస్తారు. తక్కువుందని వెనక్కి పంపితే ఊరుకోకుండా, అమ్మను చూపించే డాక్టర్‌కే మీరూ చూపించుకోండి.