మీరు అడిగారు: క్రాస్‌బో తగువు, సీజన్ రోజుల లెక్క

ప్రశ్న: ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లలో ముగ్గురు జింకల వేటకు వెళ్తారు. ఎప్పటినుంచో కాంపౌండ్ బోతో (చక్రాలున్న విల్లు) వేటాడే పెద్దాయన ‘ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే క్రాస్‌బోలు వచ్చి మా సీజన్ పాడుచేశాయి, వాళ్లకు రోజులు తగ్గించాలి’ అంటాడు. మిగతా ఇద్దరివీ క్రాస్‌బోలే, వాళ్లు ససేమిరా ఒప్పుకోరు. నేను ఈ ఏడాది హంటర్ సేఫ్టీ కోర్సులో చేరాను. ఎవరి మాట న్యాయం? నేను ఏది కొనుక్కోవాలి?
– ఒక పాఠకుడు, మిల్వాకీ, విస్కాన్సిన్

జవాబు: పైకి ఆయుధం గురించిన గొడవలా కనిపిస్తుంది గానీ అసలు తగువంతా సీజన్ దగ్గరే, అంటే వేటకు అనుమతి ఉన్న రోజుల దగ్గరే ఉంది. మీ రాష్ట్రంలో మామూలు తుపాకీ సీజన్ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకు అటూ ఇటూ కలిపి 9 రోజులు. విల్లు సీజనేమో సెప్టెంబర్ మధ్యలో మొదలై జనవరి దాకా నడుస్తుంది. ఇంత తేడా ఎందుకంటే, విల్లుతో కొట్టడం కష్టం. జింక పాతిక ముప్ఫై గజాల్లోకి రావాలి, అది చూడకుండా మీరు నారి లాగాలి, లాగి పట్టుకుని సరైన క్షణం కోసం ఆగాలి. చాలామంది సీజనంతా తిరిగి వట్టి చేతులతో ఇంటికొస్తారు. పడే జింకలు తక్కువ కాబట్టి రోజులు ఎక్కువ ఇవ్వగలిగారు, అంతే.

క్రాస్‌బోలో నారి ముందే లాగి గొళ్లెం పడి ఉంటుంది, స్కోపులో చూసి ట్రిగ్గర్ నొక్కడమే. 2014కు ముందు విస్కాన్సిన్‌లో వయసు పైబడినవాళ్లకూ వైకల్యం ఉన్నవాళ్లకూ మాత్రమే దాన్ని అనుమతించేవారు. ఆ ఏడాది అందరికీ ఇచ్చారు, పైగా విల్లు సీజన్ ఎన్ని రోజులో దాదాపు అన్ని రోజులూ ఇచ్చారు. కొన్నేళ్లకే క్రాస్‌బోతో పడే జింకలు మామూలు విల్లుతో పడేవాటిని దాటిపోయాయి. కాబట్టి పెద్దాయన బాధ అసూయ కాదు. కష్టానికి బదులుగా ఇచ్చిన రోజులు కష్టం తగ్గాక కూడా అలాగే ఉండాలా అన్నది సరైన ప్రశ్నే.

కానీ ఆయన చేతిలో ఉన్నదాన్ని కూడా చూడాలి కదా. కాంపౌండ్ బోకు మిజోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంట్ అడిగాడు, 1969లో వచ్చింది. దాని చక్రాల మహిమ ఏమిటంటే పూర్తిగా లాగాక చేతి మీద బరువు పడిపోతుంది. లాగడానికి 60 పౌండ్ల బలం కావాల్సిన విల్లుకు 80 శాతం తగ్గింపు ఉంటే మీరు పట్టుకుని నిలబడేది 12 పౌండ్లే. అప్పట్లో పాతకాలపు విల్లువాళ్లు ‘ఇది విల్లు కాదు, యంత్రం’ అని గట్టిగానే అడ్డుపడ్డారు. వాళ్ల మాటే నెగ్గి ఉంటే మీ పెద్దాయనకు ఇవాళ ఈ సీజనే లేదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తాను. క్రాస్‌బోను నిషేధించడం తప్పు. భుజం అరిగిపోయినవాళ్లు, పొద్దస్తమానం పనిచేసి సాధనకు టైం దొరకనివాళ్లు దానివల్లే అడవిలోకి రాగలుగుతున్నారు. రాష్ట్రమంతటా ఒకేలా రోజులు కోయడం కూడా తప్పే. దక్షిణాన పొలాల మధ్య జింకలు విపరీతం, కార్లకు అడ్డం పడుతున్నాయి, 2002లో బయటపడిన సీడబ్ల్యూడీ (జింకల మెదడును తినేసి చంపే అంటు జబ్బు) ఇంకా పోలేదు. అక్కడ వేటగాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి సాధించేదేముంది? ఉత్తరాన పెద్ద అడవుల్లో కథ వేరు. మంచు బాగా పడిన ఏళ్లలో జింకలు పలచబడతాయి. అలాంటి కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) నవంబర్ మొదట్లో మగజింకలు ఎద మీద ఒళ్లు తెలియకుండా తిరిగే రెండు వారాలూ క్రాస్‌బోను ఆపేస్తే నేను సమర్థిస్తాను. ఒహాయోలో క్రాస్‌బోకూ విల్లుకూ దశాబ్దాలుగా ఒకే సీజన్, సెప్టెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి దాకా, అయినా అక్కడ జింకలు అంతరించిపోలేదు. అయితే ఒహాయో నేల వేరు, ఉత్తర విస్కాన్సిన్ నేల వేరు, ఒకదాని లెక్క ఇంకోదానికి అతికించకండి.

ఏది కొనాలంటే, ముందు బాణాల సాధన చేసే రేంజ్‌కు వెళ్లి రెండూ పట్టి చూడండి. వారానికి రెండు మూడుసార్లు సాధన చేస్తానన్న నమ్మకం ఉంటే కాంపౌండ్. లేదంటే మొహమాటపడకుండా క్రాస్‌బో. ఒక్క హెచ్చరిక: క్రాస్‌బో వేగం చూసి 70 గజాల నుంచి వదలొద్దు. బాణం సెకనుకు 400 అడుగులు పోయినా శబ్దం 1,100 అడుగులు పోతుంది. చప్పుడు ముందే విని జింక కిందికి కుంగుతుంది, బాణం తగలాల్సిన చోట తగలదు, గాయపడ్డ జింక పొదల్లో పడి రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. సీజన్ ఎంత అన్నదానికన్నా నాకు ఇదే ముఖ్యం. చెట్టు మీద స్టాండ్ (కూర్చునే మంచె) ఎక్కితే హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీ) లేకుండా ఎక్కొద్దు.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. తుపాకీ పట్టుకోకూడదని విన్నాను. విల్లుతో వేటాడితే వీసాకు ఇబ్బందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీలాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో ఒక మినహాయింపు ఉంది గానీ దాన్ని లాయర్‌ను అడగకుండా వాడుకోవద్దు. విల్లుగానీ క్రాస్‌బోగానీ ఆ చట్టం లెక్కలో తుపాకీ కాదు కాబట్టి ఆ నిషేధం వాటికి వర్తించదు. లైసెన్స్ తీసుకోండి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కూడా కావాలి. అక్కడ భూమి దాదాపు అంతా ప్రైవేటుదే, యజమాని అనుమతి లేకుండా కంచె దాటితే మాత్రం నిజంగా చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: చంపడానికి సీజన్లు పెట్టి దాన్నే సంరక్షణ అంటారేమిటండీ? మన దగ్గర జింకను చంపితే జైలు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ కోపం అర్థమైంది, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన అవసరానికి సరైనదేనని నేనూ నమ్ముతాను. అమెరికాలో దారి వేరు. వేటాడిన మాంసాన్ని బజారుకు అమ్ముకుని 19వ శతాబ్దం చివరికి వాళ్లు జింకల్ని ఊడ్చేశారు. తర్వాత ఆ అమ్మకం ఆపేసి, లైసెన్స్ డబ్బుతో, వేట సామగ్రి మీద 1937 చట్టంతో వచ్చే పన్ను డబ్బుతో వాటిని మళ్లీ పెంచారు. ఇవాళ కొనే విల్లు మీద కూడా 11 శాతం పన్ను ఆ ఖాతాలోకే పోతుంది. తోడేళ్లు, ప్యూమాలు (అమెరికాలోని పెద్దపిల్లులు) లేని చోట జింకల సంఖ్యను ఎవరో ఒకరు పట్టి ఉంచాలి, ఆ పని లెక్క కట్టి వేటగాళ్లకు అప్పగించారు. అందుకే రోజుల గురించి అంత పట్టుదలగా కొట్టుకుంటారు.

మిల్వాకీ పాఠకుడికి ఇంకో మాట: మీ రాష్ట్రంలో కన్జర్వేషన్ కాంగ్రెస్ (వన్యప్రాణుల విషయాల్లో జనం తరఫున సలహాలిచ్చే సంఘం) వాళ్లు ఏటా ఏప్రిల్‌లో 72 కౌంటీల్లోనూ అభిప్రాయాలు తీసుకుంటారు, ఆన్‌లైన్‌లో కూడా చెప్పొచ్చు, వేట లైసెన్స్ లేకపోయినా ఫర్వాలేదు. అది సలహా మాత్రమే, ఆఖరి నిర్ణయం వాళ్లది కాదు. అయినా మీ ముగ్గురు సహోద్యోగులనూ వెంటబెట్టుకుని వెళ్లండి.